మోచేతి దగ్గరి అతుకు

కొత్త లైనింగు గుడ్డను కుట్టే ముందు బకెట్టు నీళ్లలో నానబెట్టి ఆరేస్తాం. అలా చేయకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి పై గుడ్డను లాగేస్తుంది. నానుతున్నప్పుడు గుడ్డలోని గంజి కరిగి నీళ్లలోకి దిగుతుంది. పొద్దున్నే రేపల్లెలో మా దుకాణం వరండాలో ఆ గుడ్డలు పిండి తీగ మీద వేస్తుంటే, అన్నం వార్చిన వాసనకూ వానకు తడిసిన సున్నపు గోడ వాసనకూ మధ్య ఎక్కడో ఉండే ఒక వాసన గాలిలో నిలబడుతుంది. అది ముక్కుకు తగిలితే నా ఎదురుగా ఉన్న రోడ్డు మసకబారిపోతుంది. తెనాలిలో కాలువ పక్క సందు, అందులో ఒక పెంకుటిల్లు, వరండాలో రెండు కుట్టు మిషన్లు, పైన వాసాల మీద ఊగుతున్న కాలువ నీటి వెలుగు, ఆ వెలుగు కింద కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని సూదిలో దారం ఎక్కిస్తున్న జైనబమ్మ గారు కనబడతారు. ఆవిడ పోయి ఆరేళ్లు దాటింది. వాసనకు ఆ సంగతి తెలియదు.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. ఆ సందులో ఆడవాళ్ల జాకెట్లు, పిల్లల గౌన్లు కుడుతూ ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. పొట్టిగా ఉండేవారు. తెల్లటి ఓణీ తల మీద నుంచి ఎప్పుడూ జారిపోతూ ఉండేది, ఎప్పుడూ పైకి లాక్కుంటూ ఉండేవారు. మెడలో టేపు లేకుండా నేను ఆవిడను చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు నేను ఈ నాలుగు మాటలూ నా చేత్తో రాస్తున్నానంటే అది ఆవిడ పుణ్యమే. కానీ ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా చేతుల గురించి చెప్పాలి.

మా అమ్మమ్మ పచ్చబొట్లు పొడిచేది. కోతలు అయిపోయాక రేపల్లె దగ్గర నగరం అనే ఊరి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. చంకన బుట్ట, బుట్టలో దారంతో కలిపి కట్టిన మూడు సూదులు, దీపం మీద పట్టిన మసి, దాన్ని ఆకుపసరుతో నూరి ఉంచుకున్న కొబ్బరి చిప్ప. వెనకాల నేను. ఏమేం బొమ్మలు వేస్తావని ఆడవాళ్లు అడిగితే అమ్మమ్మ నా చేయి పట్టుకుని చూపించేది. తులసికోట, తేలు, చేప, మొగ్గల వరస, నిచ్చెన మెట్లు, విచ్చుకున్న తామర. తను కొత్త బొమ్మ ఏది నేర్చినా ముందు నా మీద వేసి చూసుకునేది. నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి మణికట్టు నుంచి మోచేయి దాకా రెండు చేతులూ నిండిపోయాయి. ఆడవాళ్లు వాటి మీద వేలు పెట్టి ఇది కావాలి, అది కావాలి అని ఎంచుకునేవాళ్లు. వాళ్ల వేళ్లు తగిలితే చక్కిలిగింత పుట్టేది. ఆ ఊళ్లన్నిటిలో నా చేతులంత గొప్ప చేతులు ఇంకెవరికీ లేవనుకునేదాన్ని. చూసేవాళ్ల కళ్లు మారిపోతాయని ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది?

పెళ్లయ్యాక తెనాలి వచ్చాను. మా ఆయన మార్కెట్టులో మూటలు మోసేవాడు. పిల్లలు లేరు. ఆయన జబ్బు చేసి పోయేటప్పటికి నాకు ముప్పై ఏడేళ్లు ఉంటాయి. పని వెతుక్కోవడం మొదలుపెట్టాక గాని నా చేతులను ఊరు ఎలా చూస్తోందో నాకు తెలిసిరాలేదు. ఒక నర్సింగ్ హోములో ఆయా పని ఉందంటే వెళ్లాను. కౌంటర్లో ఉన్నావిడ నేను మాట్లాడినంత సేపూ నా మొహం చూడలేదు, చేతులే చూసింది. పేషెంట్లు భయపడతారమ్మా అంది. ఒక హోటల్లో వెనకాల గిన్నెలు కడిగే పనికి పెట్టుకున్నారు. వడ్డించే మనిషి రాని రోజు నన్ను ముందుకు పిలిచారు, చేతులు చూశారు, మళ్లీ వెనక్కి పంపారు. ఒక ఇంట్లో నేను గది ఊడుస్తుంటే ఇంటావిడ వచ్చి బీరువాకు వేలాడుతున్న తాళం చెవి తీసి కొంగుకు ముడేసుకుంది. మా లాంటి చేతులున్నవాళ్లు దేశం మీద తిరిగేవాళ్లు, తిరిగేవాళ్లు నమ్మదగ్గవాళ్లు కాదు, ఆమె ఆలోచన అంతే. ఎవరూ నన్ను తిట్టలేదు. కష్టమంతా అందులోనే ఉంది. తిడితే జవాబు చెప్పొచ్చు.

జైనబమ్మ గారికి హుక్కులు కుట్టడానికి, అంచులు మడిచి కుట్టడానికి మనిషి కావాలని కూరగాయలమ్మే ఆమె చెబితే వెళ్లాను. మధ్యాహ్నం. వరండాలో మిషను ఆగి ఉంది. సూది పట్టడం వచ్చా అని అడిగి, వచ్చండి అంటే ఒక చీర కొంగు నా ఒళ్లో పడేశారు. కుట్టాను. గుడ్డను కళ్లకు దగ్గరగా తెచ్చుకుని, వెలుగుకు పట్టి, వేలి కొనతో తడిమి చూశారు. ఆ తర్వాతే నా చేయి పట్టుకుని తిప్పారు.

"ఇవన్నీ ఎవరు పొడిచారు?"

"మా అమ్మమ్మండి."

"ఒంటి మీద పొడిపించుకోవడం మా దాంట్లో తప్పు. అల్లా ఇచ్చిన ఒంటిని మార్చకూడదంటారు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి నవ్వడం నాకు చేతకాదు, అందుకని చెప్తున్నా. కుట్టు బాగుంది. రేపట్నుంచి రా. నీ పేరేంటి?"

నాంచారమ్మ అని చెప్పాను. ఆవిడ ఒక్కసారిగా నవ్వారు. "మరి చెప్పవేంటి, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపిల్లే. ఆ వరసన వెంకన్న మాకు అల్లుడు. నువ్వు పుట్టింటికే వచ్చావు" అన్నారు. నేను నవ్వడానికి కాస్త సమయం పట్టింది. అప్పటికి చాలా రోజులుగా నా ఎదుట ఎవరూ నవ్వలేదు.

మూడో రోజున నన్ను నిలబెట్టి కొలతలు తీసుకున్నారు. వారం తిరిగేసరికి రెండు జాకెట్లు ఇచ్చారు. రెండింటికీ చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. జాకెట్టు ముక్కలో అంత పొడవు చేతులు రావు. అందుకని అదే రంగు గుడ్డ వెతికి మోచేతి దగ్గర అతుకు వేసి, ఆ అతుకు కనబడకుండా సన్నని పట్టీ కుట్టారు. పట్టీని చూసినవాళ్లు అదొక ఫ్యాషను అనుకునేవాళ్లు. "కనబడకపోతే ఎవరికీ బాధ లేదు కదమ్మా" అన్నారు. నాకోసం ఒకరు కూర్చుని కొలిచి కుట్టడం అదే మొదటిసారి. ఆ జాకెట్టు వేసుకుని కాలువ గట్టు మీద నడిచి వెళ్తుంటే ఎవరూ తల తిప్పి చూడలేదు. నేను గాలినైపోయాననిపించింది. ఆ సుఖం అబద్ధమని ఇప్పుడు అనలేను. ఎండాకాలం మోచేతుల కింద చెమట పట్టి పొక్కులు లేచేవి. పౌడరు వేసుకుని మళ్లీ అదే తొడుక్కునేదాన్ని.

అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. కుట్టాల్సిన గుడ్డలను మూటగట్టి ఎవరిది ఏదో గుర్తుండటానికి మూట మీద సుద్దతో బొమ్మ వేసుకునేదాన్ని. నాకు వచ్చిన బొమ్మలు అమ్మమ్మవే. పాలకేంద్రం ఆమెకు చేప, లాయరు గారి భార్యకు తామర. ఒకరోజు హైస్కూలు టీచరమ్మ తన జాకెట్టు కోసం వచ్చింది. జైనబమ్మ గారు మూట ఎత్తి ఆమె చేతికివ్వబోయి ఆగిపోయారు. మూట మీద కొండి ఎత్తిన తేలు ఉంది. జాకెట్టు ఒక్కటే తీసిచ్చి, ఆమె వెళ్లిపోయే దాకా నవ్వు బిగబట్టుకుని, తర్వాత కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ అడిగారు.

"టీచరు గారికి తేలు వేశావేంటే?"

"ఆవిడ మాట అలాగే ఉంటుంది కదండి."

నవ్వు ఆగాక ఆవిడ ఆ తేలును చాలా సేపు చూశారు. ఒక్క గీతలో, చేయి ఎత్తకుండా వేసిన తేలు. "ఈ వంపులు వచ్చిన చేతికి అక్షరాలు రావా?" అన్నారు. మర్నాటి నుంచి పని మొదలుపెట్టే ముందు నల్ల లైనింగు గుడ్డ ఒకటి నేల మీద పరిచేవారు. అదే నా పలక. కొలతలు రాసే సుద్దే నా బలపం. రాసింది తప్పయితే గుడ్డను ఎత్తి రెండు దులుపులు దులిపితే పోయేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే మనిషి, ఆరో తరగతి దాకా తెలుగు బడిలో చదివారు. ఆవిడ దగ్గరున్న పుస్తకం కొలతల పుస్తకమే. అందుకని నేను అమ్మ, ఆవు నేర్చుకోలేదు. భుజం, మెడ, చంక, నడుము, పొడవు నేర్చుకున్నాను. నలభై ఏళ్ల మనిషిని, వేలు బిగించి నొక్కేదాన్ని. సుద్ద విరిగేది. వాసాల మీద నీటి వెలుగు ఊగుతుంటే, కింద నల్ల గుడ్డ మీద తెల్లటి అక్షరాలు నిజంగానే ఈదుతున్నట్టుండేవి. ఒకరోజు ఆవిడ చెప్పకుండానే కొలతల పుస్తకంలో ఒక పేజీ మొత్తం చదివాను. ఎవరో సుబ్బాయమ్మ గారి భుజం, మెడ, నడుము. ముక్కూమొహం తెలియని మనిషి నా ఎదుట లేచి నిలబడినట్టయింది. చదవడమంటే ఇదా అనుకున్నాను.

మరో ఏడాదికి బాపట్లలో ఒక బట్టల దుకాణం వాళ్లు పైఅంతస్తులో ఆడవాళ్లకు కుట్టు విభాగం పెట్టారు. కొలతలు తీసి రాసిపెట్టే మనిషి కావాలన్నారు. జైనబమ్మ గారే నా పేరు చెప్పారు. నేను వెళ్లనన్నాను. "నా వరండాలో ఎంతకాలం హుక్కులు కుడతావు? కొలిచే మనిషి వేరు, కుట్టే మనిషి వేరు. కొలిచే మనిషి మాట వింటారు" అన్నారు. రోజూ తెనాలిలో రైలెక్కేదాన్ని. పొలాల మీద మంచు ఇంకా లేవకముందే నిడుబ్రోలు దాటేది. బాపట్లలో దిగితే గాలిలో సముద్రం తెలిసేది. మెడలో టేపు, చేతిలో పుస్తకం, పుస్తకంలో నా రాత. నా బతుకులో అంత ఎత్తున నిలబడటం అదే మొదలు.

అది తొమ్మిది రోజులు నడిచింది. తొమ్మిదో రోజు ఒక పెళ్లికూతురికి కొలతలు తీస్తున్నాను. ఛాతీ కొలత తీయాలంటే రెండు చేతులూ మనిషి వీపు వెనక్కి వెళ్లాలి. పొడవు చేతుల జాకెట్టు బిగుతుగా ఉంటుంది. చేతులు చాపేసరికి అది మోచేతుల దాకా పైకి ఎగబాకింది. పెళ్లికూతురు తల్లి చూసింది. కూతురి మెడలో గొలుసు మీద చేయి వేసి వెనక్కి లాక్కుంది. ఈమె ఎక్కడి మనిషండీ అని నన్ను కాదు, దుకాణం షావుకారును అడిగింది. సాయంత్రం షావుకారు, రేపు రావద్దులే, కబురు చేస్తాను అన్నాడు. ఆ కబురు ఎలాంటిదో నాకు తెలుసు.

మర్నాడు జైనబమ్మ గారు కుట్టు పని ఆపేసి నాతో పాటు బాపట్ల రైలెక్కారు. దెబ్బలాడతారనుకుని దారిపొడుగునా భయపడుతూనే ఉన్నాను. అక్కడ ఆవిడ దెబ్బలాడలేదు. కుర్చీలో కూర్చుని విన్నారు. షావుకారు చెడ్డవాడు కాదు. మర్యాదగానే చెప్పాడు.

"ఆమె పనికి వంక లేదండి. ఇందులో ఆమె తప్పు ఏముంది చెప్పండి. కనబడకపోతే ఎవరికీ బాధ లేదు. లోపల గదిలో కూర్చుని హుక్కులు కుట్టుకోమనండి, జీతం అదే ఇస్తాం."

జైనబమ్మ గారి చేయి తల మీది ఓణీ వైపు వెళ్లి మధ్యలో ఆగిపోవడం చూశాను.  ఆ తర్వాత నా వైపు తిరిగారు.

"నువ్వేమంటావు?"

నా గురించి జరిగే మాటల్లో నన్ను ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు.  లోపలి గదిలో ఫ్యానుంది. చల్లగా ఉంటుంది. జీతమూ పోదు. ఊ అంటే అయిపోతుంది. మెడలో టేపు పట్టుకున్నాను. "కొలతలు తీయడం నాకు వచ్చండి. లోపల కూర్చోను" అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. ఆవిడకు వినబడింది. లేచి, వస్తామండి అని షావుకారుకు చెప్పి మెట్లు దిగారు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. అప్పికట్ల దాటాక ఆవిడ సంచిలోంచి దారాలు తుంచే చిన్న కత్తెర తీశారు. "చేయి ఇలా పెట్టు" అని నా చేతిని తన ఒళ్లోకి తీసుకున్నారు. మోచేతి దగ్గరి పట్టీని ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలుపెట్టారు. రైలు ఊగుతోంది, ఒంటికి ఎక్కడ గుచ్చుకుంటుందోనని నేను బిగుసుకుపోయాను. ఆవిడ చేయి ఒక్కసారి కూడా తప్పలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఉండబట్టలేక, మంచి జాకెట్టు పాడుచేస్తున్నావేంటమ్మా అంది.

"పాడుచేసింది అప్పుడండి. ఇప్పుడు బాగుచేస్తున్నా" అన్నారు జైనబమ్మ గారు తల ఎత్తకుండా.

కొంతసేపయ్యాక నాకు మాత్రమే వినబడేలా మాట్లాడారు. "చేయి కిందికి వేలాడదీయించి కొలిచాను. పనిచేసే చేయి వేలాడుతుందా? ఇన్నేళ్లు కుట్టి ఆ మాత్రం తోచలేదు నాకు." పట్టీ ఊడి వచ్చింది. అతుకు మీదకు వెళ్లారు. "పొడిపించుకోవడం తప్పన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను నాంచారీ, అది నా నమ్మకం, నీకోసం మార్చుకోలేను. కానీ దాచుకోమన్నాను చూడు, అది నా తప్పు. ఆ షావుకారు మాట్లాడుతుంటే నా గొంతే నాకు వినబడింది."

ఒక చేయి అయ్యాక రెండో చేయి. విప్పిన దారపు ముక్కలు కిటికీలోంచి పొలాల మీదకు ఎగిరిపోతున్నాయి. రెండేళ్ల తర్వాత నా ముంజేతుల మీద గాలి తగిలింది. తేలు, చేప, తులసికోట, నిచ్చెన, అన్నీ పాలిపోయిన చర్మం మీద నిద్రలేచినట్టున్నాయి. ఎదుటి పెద్దావిడ వాటిని చూసి తన కొంగు పక్కకు తీసింది. ఆమె ముంజేతి మీదా మొగ్గల వరస ఉంది. తెనాలి వచ్చే దాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం. ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలా గుర్తుంది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ రైలు ఇంకా ఎక్కడో నడుస్తూనే ఉందనిపిస్తుంది.

మర్నాటి నుంచి కొలతలు తీసే పని నాదయింది. వరండాలో మెట్ల ఎదురుగా నా స్టూలు వేశారు. దాంతో అంతా బాగైపోయిందని చెప్పను. లాయరు గారి భార్య రావడం మానేసింది. ఆమె వెంట ఇంకొందరు మానేశారు. జైనబమ్మ గారి వదిన గారు నా ముందే, ఆ చేతులతో మన పిల్లల్ని కొలవనిస్తావా అని అడిగారు. "టేపు కదా కొలిచేది" అని జైనబమ్మ గారు మిషను తొక్కడం మొదలుపెట్టారు. మిషను చప్పుడులో తర్వాతి మాటలు పోయాయి. కొన్నాళ్లకు పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు నా పక్కన కూర్చుని తమ చేయి నా చేయి పక్కన పెట్టి చూసుకోవడం మొదలైంది. వాళ్లకు తెలిసిన బొమ్మలే నా దగ్గరా ఉన్నాయి. కూతుళ్ల జాకెట్లు మా దగ్గరికే పంపేవాళ్లు. పోయినవాళ్లకు వచ్చినవాళ్లు సరిపోయారో లేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

జైనబమ్మ గారు చనిపోయిన రోజు నేను వరండాలో ఒక మూల నిలబడ్డాను. లోపల ఆడవాళ్లు స్నానం చేయిస్తున్నారు. నేను వెళ్లే చోటు కాదు. వదిన గారు తెల్ల గుడ్డ తాను ఒకటీ పెద్ద కత్తెరా తెచ్చి నా ముందు పెట్టారు. "నువ్వే కత్తిరించు. కొలత తప్పితే అది ఊరుకోదు" అన్నారు. చివరిసారి చుట్టే ఆ గుడ్డకు కుట్టు ఉండదు, కత్తిరించడమే. లోపలి నుంచి ఒకరు పొడవులు చెబుతుంటే, మెట్ల ఎదురుగా, అందరూ చూస్తుండగా, మోచేతుల దాకా ఉత్త చేతులతో కత్తిరించాను. కత్తెర నేరుగానే నడిచింది.

తర్వాత మా వైపే వచ్చేసి రేపల్లెలో ఈ చిన్న దుకాణం పెట్టుకున్నాను. పోయిన నెల ఒక అమ్మాయి పని కోసం వచ్చింది. డిగ్రీ చదివింది, కుట్టు కూడా నేర్చుకుంది. మెడ పక్కన, చెవి కింద, రెక్కలు విప్పిన చిన్న పక్షి. ఇప్పటి పిల్లలు టాటూ అంటారు, ఏసీ గదుల్లో ముచ్చటపడి వేయించుకుంటారు. మా అమ్మమ్మ చూస్తే సంతోషించేది. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరు పెద్దగా మారలేదు. బట్టల షోరూములో ఒకసారి, ఆసుపత్రి రిసెప్షనులో ఒకసారి, చివరి దాకా వచ్చి మెడ చూసి వద్దన్నారట. చెబుతూ చెబుతూ ఆ పిల్ల మెడ మీద చేయి వేసుకుంది. నేను ఏమన్నానో తెలుసా?

"జుట్టు ఆ పక్కకు వదిలేసుకోవచ్చు కదమ్మా, కనబడదు."

మాట బయటికొచ్చాక గాని అది ఎవరి మాటో నాకు తెలియలేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో ఆ మొదటి మాట కూడా ఉంది. సూది పట్టే తీరులాగే, సుద్ద పట్టే తీరులాగే, అదీ నాలో నిలిచిపోయింది. ప్రేమగా చెప్పిన మాట కాబట్టి మరీ లోతుగా దిగింది. జైనబమ్మ గారికి ఆ మాటను విప్పుకోవడానికి ఒక రైలు ప్రయాణం కావలసి వచ్చింది. అమ్మాయి అప్పటికే తలవంచి జడ విప్పుతోంది. నాకు అంత సమయం లేదు.

"వద్దులేమ్మా. జుట్టు బిగించి పైకి కట్టుకో" అన్నాను. "కొలతలు తీసేటప్పుడు వంగితే కళ్లలో పడుతుంది."

ఆ పిల్ల నా మొహం చూసింది, తర్వాత నా చేతులు చూసింది. మణికట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి జుట్టంతా ఎత్తి ముడి వేసుకుంది. నా మెడలోని టేపు తీసి ఆ పిల్ల చేతికిచ్చాను.